ఒక్క గడి ముందుకు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను చదువు, ఆటల గురించి మాట్లాడమన్నారు. కబడ్డీ, వాలీబాల్ గురించి చెప్పడానికి నాకన్నా అర్హులు ముందు వరుసలో చాలామందే కూర్చున్నారు. అందుకని నేను చదరంగం గురించి మాట్లాడతాను. అదీ ఒంటరిగా ఆడే చదరంగం గురించి కాదు, జట్టు చదరంగం గురించి. 190 ఏళ్ల కింద రెండు క్లబ్బుల మధ్య జరిగిన ఒకే ఒక్క ఆట చెప్పి, దాని ఆధారంగా మన సంఘానికీ మన బడికీ ఒక ప్రతిపాదన పెడతాను. ఆట రానివాళ్లు కంగారు పడనక్కర్లేదు. రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, ఒంటె, బంటు అన్న పేర్లు తెలిస్తే చాలు. ఒంటెను మనలో కొందరు శకటం అంటారు, పుస్తకాల్లో బిషప్ అని ఉంటుంది. నేను మన వీధి అలవాటు ప్రకారం ఒంటె అనే అంటాను.

ముందు జట్టు ఆట అంటే ఏమిటో రెండు మాటలు. సాధారణంగా ఒక జట్టులో నలుగురు ఆడతారు. నాలుగు బల్లలు, నాలుగు ఆటలు, ఒకే సమయంలో. ఒక బల్ల మీద తెల్ల పావులైతే పక్క బల్ల మీద నల్ల పావులు. నాలుగు ఆటల ఫలితాలూ కలిపి జట్టు గెలిచిందో ఓడిందో లెక్క తేలుస్తారు. అందువల్ల మీ ఆట మీ ఒక్కరిది కాదు. పక్క బల్లల మీద మనవాళ్లు బాగుంటే, మీరు గెలుపు కోసం ప్రమాదంలోకి దూకకుండా డ్రా చేసుకోవడమే జట్టుకు మేలు. పక్కవాళ్లు కష్టాల్లో ఉంటే, డ్రా చేసుకోదగ్గ ఆటను కూడా మీరు గెలుపు కోసం లాగాల్సి వస్తుంది. అయితే ఆట మధ్యలో మాట్లాడుకోవడానికి వీల్లేదు. డ్రా ఇవ్వమనో, తీసుకోమనో కెప్టెన్ చెప్పవచ్చు కానీ బల్ల మీద ఏం జరుగుతోందో ఒక్క ముక్క అనకూడదు. ఎదురుగా తోటివాడు ఉన్నా ఎవరి బుర్ర వారిదే.

ఇప్పుడు నేను చెప్పబోయే ఆట ఇందుకు పూర్తిగా తిరగేసినది. అందులో బల్ల ఒక్కటే, దాని చుట్టూ జట్టంతా ఉంది. మాట్లాడుకోవచ్చు, వాదించుకోవచ్చు, రోజుల తరబడి ఆలోచించవచ్చు. ఎందుకంటే ఎదుటి జట్టు సముద్రం అవతల ఉంది. ఎత్తులు ఉత్తరాల్లో వెళ్లేవి.

అది 1834వ సంవత్సరం. ఒక పక్క లండన్ క్లబ్బు, మరో పక్క పారిస్ క్లబ్బు. అప్పటికి తంతి సౌకర్యం లేదు. ఉత్తరం గుర్రపు బండిలో రేవుకు చేరి, ఓడ ఎక్కి, ఇంగ్లిష్ ఛానల్ దాటి, మళ్లీ బండెక్కి అవతలి నగరానికి చేరాలి. అందులో ఉండేది ఒక ఎత్తు. దానికి జవాబు అదే దారిలో వెనక్కి రావాలి. ఈ పోటీ 1836 దాకా సాగింది. ఆడినవి రెండే రెండు ఆటలు. రెండు ఆటలకు రెండేళ్లు!

ఇలాంటి పోటీలకు అంతకు ముందే ఒక పేరున్న ఉదాహరణ ఉంది. 1824 నుంచి 1828 దాకా లండన్ క్లబ్బు, స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరో క్లబ్బు ఇలాగే ఉత్తరాల మీద ఐదు ఆటలు ఆడాయి. ఎడిన్‌బరో గెలిచింది. ఆ పోటీలో వాడిన ఒక ఆరంభానికి స్కాచ్ గేమ్ అనే పేరు స్థిరపడిపోయింది. గ్యారీ కాస్పరోవ్ వంటి ప్రపంచ ఛాంపియన్ కూడా తర్వాతి కాలంలో ఆ ఆరంభాన్ని ఇష్టంగా ఆడాడు. ఒక ఊరి క్లబ్బు సభ్యులు కూడబలుక్కుని ఆడిన ఆట వాళ్ల దేశం పేరుతో నిలిచిపోయిందన్నమాట.

లండన్, పారిస్ పోటీలోనూ అదే జరిగింది. ఒక ఆటలో తెల్ల పావులు లండన్‌వి. లండన్ ఆ కాలంలో అందరూ ఆడే ఎత్తే ఆడింది. రాజు ముందు బంటును రెండు గడులు జరిపింది. దానికి అప్పట్లో మర్యాద ప్రకారం వచ్చే జవాబు కూడా అదే. నల్లవాళ్లూ రాజు ముందు బంటును రెండు గడులు జరుపుతారు. బంట్లు రెండూ బల్ల నడుమ ఎదురెదురుగా నిలబడతాయి, యుద్ధం మొదలవుతుంది. ఆనాటి పేరున్న దాడులన్నీ దాదాపు ఆ రెండు ఎత్తుల తర్వాత పుట్టినవే.

పారిస్ జట్టులో షామూయే అనే సభ్యుడున్నాడు. మనం అలా ఆడొద్దు, రాజు ముందు బంటును ఒక్క గడే జరుపుదాం అని ఆయన తోటివాళ్లను ఒప్పించాడు. ఆ ఎత్తు లోకంలో ఎవరికీ తెలియనిదేమీ కాదు, అంతకు ముందూ అక్కడక్కడ ఆడినవాళ్లు ఉన్నారు. కానీ ఒక నగరం పరువు పెట్టి ఆడే పోటీలో, మొదటి ఎత్తులోనే ఒక గడి తగ్గి ఆడదాం అంటే మిగతావాళ్లకు ఎలా ఉంటుందో ఊహించండి. చూసేవాళ్లకు అది భయపడినట్టు కనిపిస్తుంది. ఆ కాలపు గొప్ప ఆటగాళ్లలో ఒకడైన లాబూర్దొనే అదే 1834లో లండన్ వెళ్లి మెక్‌డొనెల్‌తో పదుల కొద్దీ ఆటలు ఆడాడు. ఆ ఆటల్లో పావులు అర్పించి రాజు మీదికి ఉరకడమే గొప్పతనం. ఆ వాతావరణంలో ఒక గడి ముందుకు అన్న మాటకు జట్టు తలూపింది. ఆ ఎత్తుకు వచ్చిన పేరే ఫ్రెంచ్ డిఫెన్స్. తెలుగులో ఫ్రెంచి రక్షణ అనుకుందాం.

అసలు ఆ ఒక్క గడిలో ఏముంది? మూడు సంగతులున్నాయి.

మొదటిది, ఎదుటివాడి తయారీ అంతా పక్కకు పోతుంది. రెండు గడులకు రెండు గడులు అన్న జవాబు మీద లండన్‌వాళ్లు ఎన్ని పన్నాగాలు సిద్ధం చేసుకున్నా, ఆ జవాబే రాకపోతే అవన్నీ సంచీలోనే ఉండిపోతాయి.

రెండోది, నల్ల రాజు పక్కన, ఒంటె ముందు ఒక బంటు ఉంటుంది. ఆట మొదట్లో దానికి కాపలా రాజు ఒక్కడే. అందుకే కొత్త ఆటగాళ్లు నాలుగు ఎత్తుల్లో ఆట కట్టు చేయించుకునేది ఆ గడి మీదే. తెల్ల ఒంటె దూరం నుంచి ఐమూలగా ఆ గడి మీదే గురి పెడుతుంది. ఒక గడి జరిపిన బంటు సరిగ్గా ఆ ఐమూల దారికి అడ్డంగా నిలబడుతుంది. వీధి చివర గేటు వేసినట్టు.

మూడోది, ఆ బంటు వెనక బలంగా నిలబడి, మంత్రి ముందున్న బంటును తర్వాతి ఎత్తులో రెండు గడులు ముందుకు తోయవచ్చు. అంటే వెనక్కి తగ్గడం కాదు, వెనక ఆసరా పెట్టుకుని నడిమి గడుల కోసం తగాదాకు దిగడం.

దీనికి మూల్యం కూడా ఉంది, అది దాచకూడదు. మంత్రి పక్కన ఉండే ఒంటెకు దారి మూసుకుపోతుంది. సొంత బంటే దాని ముందు గోడలా నిలబడుతుంది. ఫ్రెంచి రక్షణ ఆడే ప్రతివాడికీ ఈ ఒంటె బాధ తెలుసు. చదరంగం పుస్తకాల్లో దాన్ని చెడ్డ ఒంటె అనే పిలుస్తారు. దాని తప్పేమీ లేదు. దాన్ని పెట్టిన చోటు అలాంటిది, అంతే.

ఇప్పుడు ఆట చూద్దాం. రెండో ఎత్తులో లండన్ మంత్రి ముందు బంటును కూడా రెండు గడులు జరిపింది. పారిస్ అనుకున్నట్టే తన మంత్రి ముందు బంటును రెండు గడులు ముందుకు తెచ్చి ఎదురు నిలిపింది. ఇక్కడ లండన్ ముందు రెండు దారులున్నాయి. బంటును ఇంకో గడి తోసి నల్లవాళ్లను ఇరుకులో పెట్టడం ఒకటి, లేదా బంటుకు బంటు కొట్టి లెక్క సరిచేసుకోవడం. లండన్ రెండోది ఎంచుకుంది. పారిస్ తిరిగి కొట్టింది. బల్ల రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా అయింది.

చాలామంది ఇక ఇందులో ఏమీ లేదు, డ్రా అంటారు. కానీ ఇప్పుడేం జరిగిందో గమనించండి. పారిస్ తిరిగి కొట్టడానికి వాడినది ఆ ఒక్క గడి జరిపిన బంటునే. అది అక్కడి నుంచి కదిలింది. అంటే చెడ్డ ఒంటె ముందున్న గోడను లండన్‌వాళ్లే పడగొట్టించారు. అయినా పారిస్ తొందరపడలేదు. ఆ ఒంటెను కదపలేదు.

ఐదో ఎత్తులో పారిస్ తన మంత్రి వైపు ఒంటె ముందున్న బంటును రెండు గడులు తోసి అద్దాన్ని పగలగొట్టింది. లండన్ ఆరో ఎత్తులో మంత్రిని రాజు ముందుకు తెచ్చి చెక్ చెప్పింది. పారిస్ రాజు వైపు ఒంటెను అడ్డం పెట్టింది. లండన్ ఆ తోసిన బంటును కొట్టుకుంది. పారిస్ దాన్ని వెంటనే తిరిగి తీసుకునే ప్రయత్నం చేయలేదు. ఏడో ఎత్తులో రాజును కోటలో పెట్టేసింది. ఇది గుర్తుంచుకోండి, ఏడో ఎత్తుకే పారిస్ రాజు క్షేమం.

లండన్ రాజు మాత్రం ఇంకా నడి వీధిలో ఉన్నాడు. ఎనిమిదో ఎత్తులో పారిస్ ఏనుగు వచ్చి ఆ వీధిలోనే నిలబడింది. లండన్ గెలుచుకున్న బంటును కాపాడుకోవడానికి ఒంటెను రాజు, మంత్రి ఉన్న వరుసలోకే తెచ్చుకుంది. ముగ్గురూ ఒకే వరుసలో, అవతల ఏనుగు. పల్లెటూళ్లో సన్న సందులో ఎదురుగా లారీ వచ్చినట్టు అన్నమాట.

తొమ్మిదో ఎత్తులో లండన్ మరో ఒంటెతో ఏనుగు మీద గురి పెట్టింది. పారిస్ గుర్రాన్ని అడ్డం దింపింది. పదో ఎత్తులో పారిస్ తన బంటును తిరిగి కొట్టేసుకుంది. పదకొండో ఎత్తులో లండన్ ఒంటె ఆ గుర్రాన్ని కొట్టింది. పారిస్ గుర్రం ముందున్న బంటుతో తిరిగి కొట్టింది. మళ్లీ ఒక్క క్షణం ఆగండి. ఆ బంటు ఐమూలగా జరిగింది కాబట్టి, చెడ్డ ఒంటెకు రెండో పక్క దారి కూడా తెరుచుకుంది. ఈ తలుపు తెరిచిందీ లండన్‌వాళ్ల ఎత్తే.

తర్వాత లండన్ మంత్రి ఒంటె గురికి అందే గడికి వచ్చింది. పారిస్ మంత్రి పక్కకు వచ్చి లండన్ బంట్లను బెదిరించింది. చివరికి పదిహేనో ఎత్తులో లండన్ రాజును కోటలో పెట్టింది. పారిస్ కన్నా ఎనిమిది ఎత్తులు ఆలస్యంగా. అప్పుడు పారిస్ మొదటిసారి ఆ ఒంటెను కదిపింది. పదిహేను ఎత్తుల దాకా పుట్టిన గడిలోనే ఉన్న ఒంటె, అందరూ చెడ్డది అనుకున్న ఒంటె, ఒక్క కదలికలో బల్ల అంచుకు వెళ్లి నిలబడింది. దాని ఐమూల దారిలో ముందు లండన్ మంత్రి, ఆ వెనక కోట కట్టడంతో అప్పుడే అక్కడికి చేరిన లండన్ ఏనుగు. మంత్రి తప్పుకోక తప్పదు, తప్పుకుంటే ఏనుగు పోతుంది. అదే జరిగింది. మంత్రులు రెండూ మారకం అయ్యాయి, ఒంటె ఏనుగును కొట్టింది. ఒంటెకు బదులు ఏనుగు అంటే లాభసాటి బేరం.

ఇరవై ఎత్తులు పూర్తయ్యేసరికి బల్ల ఎలా ఉందంటే, పారిస్‌కు రెండు ఏనుగులు. లండన్‌కు ఒక ఏనుగు, ఒక గుర్రం. ఆ ఏనుగు, ఆ గుర్రం మాత్రం అప్పటికి పుట్టిన గడుల నుంచి కదలనేలేదు. లండన్ ఈలోపు మంత్రిని మూడుసార్లు, ఒక ఒంటెను మూడుసార్లు తిప్పింది. ఇంట్లో ఇద్దరికి పనే చెప్పకుండా మిగతావాళ్లతో పెళ్లి చేయించబోయినట్టు. పారిస్ ఆ ఆట గెలిచింది, రెండో ఆటా గెలిచింది.

ఈ కథలో నాకు ముఖ్యమైన సంగతులు రెండు.

ఒకటి, ఆ ఎత్తు చెప్పినది షామూయే. కానీ గెలిచింది ఆయన ఒక్కడే కాదు. వినేవాళ్లు లేకపోతే ఆ మాట ఆ గదిలోనే పోయేది. పోటీకి వెళ్లే జట్టులో గొంతు పెద్దదైన వాడి ఎత్తే పడుతుంటుంది. ఒక్క గడి ముందుకు అన్న మాటను నవ్వి తోసేయకుండా, రోజుల పాటు బల్ల ముందు పెట్టుకుని పరీక్షించి సరే అన్న మిగతా సభ్యుల ఓర్పే ఆ జట్టు బలం. ఆ ఎత్తుకు వచ్చిన పేరు కూడా చూడండి. అది షామూయే పేరుతో నిలవలేదు, జట్టు పేరుతో, దేశం పేరుతో నిలిచింది. ఆయనకు అందులో కష్టం కలిగి ఉంటుందని నేననుకోను.

రెండోది ఆ ఒంటె. మా క్లాసులోనూ, మీ క్లాసులోనూ అలాంటి వాళ్లున్నారు. పేరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అనడం తప్ప ఏడాదంతా గొంతు విప్పనివాళ్లు. వాళ్లకు తెలివి లేక కాదు, దారి లేక. దారి తెరుచుకునేదాకా వాళ్లను పారేయకుండా బల్ల మీద ఉంచుకోవడమే జట్టు చేయాల్సిన పని. ఇక్కడున్న మాస్టార్లకు నేను చెప్పనక్కర్లేదు, ఈ సభలో అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే బాగా తెలుసు.

ఇదంతా విదేశాల సంగతి కదా, మనకేమిటి అనుకోవద్దు. ఎడిన్‌బరోతో ఆడిన లండన్ జట్టులో జాన్ కాక్రేన్ అనే స్కాట్లండ్ న్యాయవాది ఉండేవాడు. ఆయన తర్వాత కలకత్తా వచ్చి వకీలుగా స్థిరపడ్డాడు. అక్కడ ఆయనకు ఎదురుపడిన బెంగాలీ ఆటగాడు మహేశ్‌చంద్ర బెనర్జీ. 1850ల దాకా వాళ్లిద్దరూ ఎన్నో ఆటలు ఆడారు, కాక్రేన్ వాటిని రాసిపెట్టాడు. మన దేశంలో చాలాచోట్ల పెద్దలు అరుగుల మీద ఆడిన చదరంగంలో బంటుకు మొదటి ఎత్తు అయినా ఒక్క గడే. రెండు గడులు జరపడం ఐరోపా వాళ్లు చేర్చుకున్న నియమం. ఆ మన ఆటలో పెరిగిన బెనర్జీ కొత్త నియమాల్లో ఆడేటప్పుడు కూడా బంట్లను ఒక్కొక్క గడి జరిపి, ఒంటెను మూలగా కూర్చోబెట్టి, ఎదుటివాడిని ముందుకు రానిచ్చి తర్వాత తిరగబడేవాడు. ఇవాళ ప్రపంచమంతా ఇండియన్ డిఫెన్స్ అని పిలిచే రక్షణలకు ఆ పేరు ఆ ఆటల నుంచే వచ్చింది. ఒక్క గడి ముందుకు అన్నది మనకు కొత్త పాఠం కాదు.

ఫ్రెంచి రక్షణ పాతబడిపోలేదు కూడా. 2024 నవంబరులో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైంది. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ తెల్ల పావులతో మొదటి ఆటకు కూర్చున్నాడు. రాజు ముందు బంటును రెండు గడులు జరిపాడు. చైనా ఛాంపియన్ డింగ్ లిరెన్ ఒక్క గడి జరిపాడు. అదే ఫ్రెంచి రక్షణ. ఆ ఆట డింగ్ గెలిచాడు. పదమూడో ఆటలో మళ్లీ అదే రక్షణ వచ్చింది, ఈసారి డ్రా. డిసెంబరు 12న పద్నాలుగో ఆట గెలిచి గుకేశ్ ఏడున్నర, ఆరున్నర తేడాతో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పారిస్ జట్టు ఒప్పుకున్న ఎత్తు 190 ఏళ్ల తర్వాత మన కుర్రవాడికి పరీక్ష పెట్టింది.

అదే ఏడాది సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో 45వ చదరంగ ఒలింపియాడ్ జరిగింది. భారత పురుషుల జట్టు 11 రౌండ్లలో 10 గెలిచి, ఒకటి డ్రా చేసుకుని స్వర్ణం తెచ్చింది. మహిళల జట్టూ స్వర్ణం తెచ్చింది. మూడో బల్ల మీద వరంగల్ కుర్రవాడు అర్జున్ ఇరిగేశి 11 ఆటల్లో 10 పాయింట్లు సాధించాడు. మహిళల జట్టులో మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక ఉంది. పురుషుల జట్టులో ఐదో ఆటగాడు గుంటూరుకే చెందిన పెంటేల హరికృష్ణ. 2001లోనే గ్రాండ్‌మాస్టర్ అయిన పెద్దవాడు, అక్కడ ఆడినది అతి తక్కువ ఆటలు. కానీ స్వర్ణ పతకం ఐదుగురిదీ. కూర్చున్నవాడు కూడా జట్టే అన్నది చదరంగం ఒలింపియాడ్‌లో పతకంతో సహా చూపిస్తారు.

ఇక నా ప్రతిపాదన.

ఇవాళ పిల్లలు చదరంగం ఆడడం లేదని ఎవరూ అనలేరు. ఫోన్లో మూడు నిమిషాల ఆట, ఒక నిమిషం ఆట, రోజుకు ఎన్నో ఆడుతున్నారు. మంచిదే, చేతికి వేగం వస్తుంది. కానీ ఒక ఎత్తు మీద వారం రోజులు కూర్చోవడం, పక్కవాడికి నచ్చజెప్పడం, పక్కవాడు నచ్చజెబితే ఒప్పుకోవడం ఆ ఫోనులో దొరకవు. పదో తరగతి పరీక్షలోనూ, తర్వాత జీవితంలోనూ అక్కరకు వచ్చేవి అవే.

అందుకని ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన సంఘం ఒక ఆట మొదలుపెట్టాలి. ఒక వైపు పూర్వ విద్యార్థులు, మరో వైపు ఇప్పటి విద్యార్థులు. ఒకే ఆట, వారానికి ఒక ఎత్తు. పూర్వ విద్యార్థుల ఎత్తు సోమవారం ఉదయానికి ఉత్తరంగా బడికి చేరాలి. పిల్లల జవాబు శనివారం సాయంత్రానికి రావాలి. నలభై ఎత్తుల ఆట నలభై వారాలు పడుతుంది. దాదాపు ఒక విద్యాసంవత్సరం. లైబ్రరీ గోడకు పెద్ద ప్రదర్శన బోర్డు ఒకటి తగిలిస్తే, అటుగా వెళ్లే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఆగి చూస్తారు. ఆ బోర్డు ఖర్చు సంఘం భరించాలని కోరుతున్నాను.

దీనికి నాలుగు నియమాలు చాలు.

ఒకటి, పిల్లల జట్టులో అన్ని తరగతుల నుంచీ, ఆడపిల్లలూ మగపిల్లలూ ఉండాలి. బాగా ఆడేవాళ్లే అనే షరతు పెట్టవద్దు.

రెండు, ఎత్తు చెప్పినవాడు దానికి ఎదుటివాళ్లు ఏం జవాబిస్తారో కూడా చెప్పాలి. నాకు అలా అనిపించింది అంటే లెక్కలోకి రాదు. నల్లబల్ల మీద రాసి చూపించాలి.

మూడు, నిర్ణయం తీసుకునే ముందు బాధ్యత చూసే మాస్టారు లేదా టీచరమ్మ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి, ఇంతవరకూ మాట్లాడనివాళ్లు ఎవరైనా చెబుతారా అని. అడిగి, ఒక్క నిమిషం ఆగాలి. షామూయే అలాంటి నిమిషంలోనే దొరుకుతాడు.

నాలుగోది అన్నిటికన్నా గట్టిది. కంప్యూటర్‌ను అడగకూడదు. ఫోన్లో ఉన్న ఇంజిన్ ఏ ప్రపంచ ఛాంపియన్‌నైనా ఓడించగలదు, క్షణంలో మంచి ఎత్తు చూపిస్తుంది. ఎవరూ కనిపెట్టలేరు కూడా. అందుకే ఇది మన మాట మీద నిలబడే నియమం. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న మన పూర్వ విద్యార్థులకు వాట్సాప్‌లో చర్చ నడుస్తుంది, ఇంజిన్ ఒక్క వేలు దూరంలో ఉంటుంది. యాభై ఏళ్లు దాటిన మనం ఆ వేలు కదపకుండా ఉంటేనే పద్నాలుగేళ్ల పిల్లవాడిని కదపవద్దని అడిగే అర్హత మనకు ఉంటుంది. ఓడితే ఓడదాం. పిల్లల చేతిలో ఓడడానికి పెద్దవాళ్లు సిగ్గు పడాల్సిన పని లేదు.

ఆట ముగిశాక ఎత్తులన్నీ, ప్రతి ఎత్తు దగ్గరా ఎవరు ఏమన్నారో, ఏ వాదన నెగ్గిందో ఒక నోటుబుక్కులో రాసి బడి లైబ్రరీలో ఉంచాలి. వచ్చే ఏడాది పిల్లలు దాన్ని చదివి ఇంకో ఆట మొదలుపెడతారు. చదరంగం నేర్చుకునే పుస్తకాలు బజారులో ఎన్నో దొరుకుతాయి. మన బడి పిల్లలు ఎలా ఆలోచించారో చెప్పే పుస్తకం మాత్రం మన లైబ్రరీలోనే దొరుకుతుంది.

తెల్ల పావులు పెద్దవాళ్లం మనం తీసుకుందాం. బడి తెరిచిన మొదటి సోమవారం మన ఉత్తరం ప్రధానోపాధ్యాయుల గదికి చేరాలి. అందులో ఏ ఎత్తు ఉండాలో ఇవాళ భోజనాల దగ్గరే వాదించుకోవడం మొదలుపెట్టవచ్చు. పిల్లలు జవాబుగా రెండు గడులు జరుపుతారో, ఒక్క గడి జరుపుతారో వాళ్ల ఇష్టం. మనం మాత్రం సలహా ఇవ్వకూడదు.